జాగ ఇచ్చిన ఊర్లకు మాట ఇయ్యరా?

శంషాబాద్ విమానాశ్రయాన్ని 2008 మార్చి 14న ప్రారంభించిన్రు. అదే నెల 23 నుంచి అక్కడ విమానాలు లేస్తున్నయి, దిగుతున్నయి. దాదాపు 5,500 ఎకరాల జాగ దాని కిందికి పోయింది. జొన్నలు పండిన చెల్కలు, గొర్లు మేసిన కంచెలు ఎక్కడెక్కడ ఉండెనో ఆ చుట్టుపక్కల ఊర్ల ముసలోళ్లను అడిగితే ఇయ్యాల్టికీ చెప్తరు. ఆ ముచ్చట చాలాసార్లు రాసుకున్నం, మాట్లాడుకున్నం. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. జాగ పోయిన ఊర్ల పిల్లలు ఆ అద్దాల మేడల ఏ కొలువుల ఉన్నరు?

సాతంరాయి సంగతే చూడండి. ఆరాంఘర్ నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకొని పోతే గగన్‌పహాడ్ దాటినంక వచ్చే ఊరు. నెత్తి మీద విమానం, ముంగట హైవే. అభివృద్ధి అనే మాటకు ఇంతకన్న దగ్గర ఎవ్వరూ ఉండరు. కాని విమానాశ్రయంల కొలువులు రెండు తీర్లు. నోరు మూసుకొని చేసేటివి కొన్ని: సామాన్లు ఎత్తుడు, ఊడ్చుడు, తుడ్చుడు, బండ్లు తోలుడు, రాత్రంత కాపలా ఉండుడు. నోరు తెరిచి చేసేటివి కొన్ని: టికెట్ కౌంటర్, సరుకుల దఫ్తర్, హోటల్ ముంగటి టేబుల్, ప్రయాణికులకు దారి చెప్పే కొలువు. మొదటి తీరు కొలువుకు ఒళ్లు వంచితే చాలు. రెండో తీరు కొలువుకు ఇంగ్లీషు మాట్లాడాలె. జీతం, ఇజ్జత్, ఎదుగుదల రెండో తీరుల ఉన్నయి. డిగ్రీ పాసైన పిల్లగాడు కూడా 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్' అనే ఒక్క మాట కాడ ఆగిపోతున్నడు. వానికి తెలివి తక్కువై కాదు. ఆ మాటకు జవాబు నోటితోని చెప్పే అవకాశం పదిహేనేండ్ల చదువుల వానికి ఎవ్వరూ ఇయ్యలేదు.

మన చరిత్రల భాష ఎన్నడూ ఉత్త భాష కాదు. అది దర్వాజ. ఫార్సీ వచ్చినోనికి ఒక కాలంల కుర్చీ దొరికింది, ఉర్దూ వచ్చినోనికి ఇంకో కాలంల. 1918ల ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంల మొదలైంది. 1919 ఫర్మానాతోని ముల్కీ నిబంధనలు గట్టిపడ్డయి. 1948 తర్వాత దఫ్తర్ల భాష మారుకుంట వచ్చింది. 1956ల ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డంక ఇంగ్లీషుదే పెత్తనం. మద్రాసు రాష్ట్రంల ఇంగ్లీషు బడులల్ల చదివినోళ్లు ముందు వరుసల నిలబడ్డరు. ఉర్దూల చదివి, ఉర్దూల ఫైళ్లు నడిపిన మనోళ్లు ఒక్కసారిగ తెలివితక్కువోళ్ల లెక్క కనబడ్డరు. చదువుల వెనుకబడ్డ తెలంగాణ ప్రజలను ముందున్న కోస్తా వాళ్లు ముంచేస్తరన్న భయం ఉన్నదని 1955ల రాష్ట్రాల పునర్విభజన సంఘమే రాసింది. ఆ భయం నిజమైనందుకే 1952ల ముల్కీ ఆందోళన తర్వాత కూడా 1969 వచ్చింది, 610 జీవో వచ్చింది, మలి ఉద్యమం వచ్చింది, 2014 జూన్ 2 వచ్చింది.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నం. నియామకాలు అంటే సర్కారు నౌకర్లు మాత్రమే అనుకున్నోళ్లు ఉన్నరు. సర్కారు నౌకరీ కోసం కొట్లాట ఆగొద్దు. కాని శంషాబాద్ చుట్టు పుట్టుకొస్తున్న కొలువులల్ల ఎక్కువ ప్రైవేటువి. అక్కడ ముల్కీ లేదు, జోన్ లేదు, రోస్టర్ లేదు. ఉన్నది ఇంటర్వ్యూ ఒక్కటే. దొంగ సర్టిఫికెట్‌తోని ముల్కీ నిబంధనను దాటినోన్ని మనం పట్టుకోగలిగినం. ఫైళ్ల కింద తొక్కిన 610 జీవోను 1985 డిసెంబర్ 30 తారీఖు చూపించి బయటికి గుంజగలిగినం. కాని 'మీ వానికి కమ్యూనికేషన్ స్కిల్స్ లేవు' అని చెప్పి తలుపు మూస్తే ఏ కోర్టుకు పోతం? ఇది కాయితం లేని నిబంధన. అందుకే దీనికి మందు కూడ వేరే తీరుగ వెతకాలె.

సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది కదా అని ఎవరన్న అడగొచ్చు. వచ్చింది. 2008ల సక్సెస్ స్కూళ్ల పేరుతోని ఉమ్మడి రాష్ట్రంల ఉన్నత పాఠశాలలకు వచ్చింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడులల్ల ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా తెచ్చిన్రు. ఒక పేజీల తెలుగు, ఎదురు పేజీల ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చిన్రు. మంచిదే. కాని పుస్తకం కంటికి ఇంగ్లీషు చూపిస్తది, చేతికి ఇంగ్లీషు రాయిస్తది, నోటికి మాత్రం ఏమీ చెయ్యది. ఈత మీద పుస్తకం చదివి బాయిల దుంకితే ఏమైతది? మన పిల్లల ఇంటర్వ్యూలు గట్లనే అయితున్నయి.

లెక్క చూద్దాం. పీరియడ్ 45 నిమిషాలు. తరగతిల 40 మంది. సార్ ఒక్క మాట కూడ మాట్లాడకుంట టైమంత పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరికి నిమిషం చిల్లర వస్తది. హాజరు, పాఠం, హోంవర్క్ పోంగ ఏం మిగులుతది? వారంల ఒక్క వాక్యం నోటితోని చెప్పని పిల్లలు ఉంటరు. ఆ చెప్పిన వాక్యం కూడ నలభై మంది ముంగట చెప్పాలె. తప్పు పోతే నవ్వులు. నవ్వితే ఏమైతదో తెలంగాణోళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. మన యాసను సినిమాలల్ల జోకర్ నోట్ల, రౌడీ నోట్ల పెట్టి ఏండ్ల తరబడి నవ్విన్రు. కాలేజీలల్ల, దఫ్తర్లల్ల మన మాటను మనమే మింగుకున్నం. భాష రానందుకు కాదు, నవ్వుతరన్న భయానికి. ఇంగ్లీషు కాడ మన పిల్లలకు ఉన్నది కూడ సగం గిదే భయం.

ఈ రెండు అడ్డాలకు, టైము లేకపోవుడు, నవ్వుతరన్న భయం, సెల్‌ఫోన్ల ఒక చిన్న మందు ఉన్నది. గొంతు రికార్డు చేసి పంపుడు. ఇందుకు కంప్యూటర్ ల్యాబ్ అక్కర లేదు. వాట్సాప్‌ల గొంతు పంపే సౌకర్యం 2013లనే వచ్చింది. బటన్ ఒత్తి మాట్లాడితే లింకు ఇచ్చే వొకారూ లాంటి పేజీలు అంతకుముందు నుంచే ఉన్నయి. 2016ల జియో వచ్చినంక డేటా ధర దిగింది. కూరగాయల బండి కాడ, అడ్డా మీద, ఆటోల మన జనం గంటలకొద్ది గొంతు పంపుకుంటున్నరు. ఊరంత వాడుతున్న ఈ పనిముట్టు బడిల మాత్రం అడుగు పెట్టలేదు.

కరోనా కాలం గుర్తున్నది కదా. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ మీద పాఠాలు చెప్పిన్రు. టీచర్లు కష్టపడ్డరు, కాదనం. కాని టీవీ ఒక్క దిక్కే మాట్లాడుతది. పిల్ల వింటది, టీవీ వినదు. మాట నేర్వాలంటే వినేటోడు కావాలె. తల్లి వింటది కాబట్టే పసిపిల్ల మాట నేరుస్తది. గొంతు రికార్డుల ఉన్న సులువు ఏందంటే, పిల్ల చెప్పింది సార్ తీరుబాటుగ వింటడు, సార్ చెప్పింది పిల్ల పదిసార్లు వింటది. రెండు దిక్కుల దర్వాజ అది.

ఎట్ల చెయ్యాలె? కొత్తగ నేర్చేటోళ్లతోని ఉపన్యాసాలు చెప్పియ్యొద్దు. మెట్టు మెట్టుగ పోవాలె. మొదటి మెట్టుల సార్ పది సెకండ్ల మాట పంపుతడు, పిల్ల విని అట్లనే పలికి పంపుతది. రెండో మెట్టుల సార్ ఒక్క ప్రశ్న అడుగుతడు, పిల్ల రెండు వాక్యాలల్ల జవాబు చెప్తది. మూడో మెట్టుల ఇద్దరు పిల్లలు కలిసి మాట్లాడి పంపుతరు: ఒకరు ప్రయాణికుడు, ఒకరు దారి చెప్పేటోళ్లు. నాలుగో మెట్టుల నిమిషం ముచ్చట: మా ఊరి బోనాలు, మా నాయిన పని, నిన్న బస్సుల ఏమైంది. పంపే ముందు తన గొంతు తానే వినాలె, నచ్చకపోతే చెరిపి మళ్ల చెప్పాలె. అసలు చదువు ఈ చెరిపి చెప్పుడులనే ఉన్నది. ఒక్క ముప్పై సెకండ్ల రికార్డు వెనుక ఐదారుసార్లు నోరు తిరుగుతది. తరగతిల నెలకు దొరకనంత అభ్యాసం ఒక్క సాయంత్రం దొరుకుతది. పైగ ఎవ్వరూ నవ్వరు.

పాఠాలు కూడ మన జాగ నుంచే రావాలె. లండన్ టవర్ గురించి సాతంరాయి పిల్ల ఎందుకు మాట్లాడాలె? ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా బస్సు స్టాపులు ఇంగ్లీషుల చెప్పియ్యండి. ఉందానగర్ రైలు స్టేషన్‌ల దిగినోనికి దారి చెప్పియ్యండి. జామపండ్ల బేరం ఆడియ్యండి. విమానం ఆలస్యమైందని కోపం మీద ఉన్న ప్రయాణికునికి నెమ్మదిగ సమాధానం చెప్పియ్యండి. రేపు ఇంటర్వ్యూల, ఎల్లుండి కొలువుల అక్కెరకొచ్చేది గిదే.

తప్పులు దిద్దుడు కాడ జాగ్రత్త కావాలె. మన నోటికి కొన్ని అలవాట్లు ఉన్నయి. తెలుగు మాట అచ్చుతోని ముగుస్తది కాబట్టి బస్ బస్సు అయితది, పెన్ పెన్ను అయితది. ఎగ్ అనబోతే యెగ్ వస్తది. స్కూల్ ముంగట ఇకారం చేరి ఇస్కూల్ అయితది. వి, డబ్ల్యూ రెండింటికీ మనకు ఒక్క 'వ'నే. జెడ్ ధ్వని తెలుగుల అచ్చంగ లేదు. కాని ఉర్దూల ఉన్నది. పక్క బెంచీల ఉర్దూ మాట్లాడే దోస్తు ఉంటే ఆ ధ్వనికి వాడే సార్. హైదరాబాద్ చుట్టున్న పిల్లలకు ఇది దొరికిన ఆస్తి, వాడుకోవాలె. ఇవన్నీ ఒక్కనాడే దిద్దబోతే పిల్ల నోరు మళ్ల మూసుకుంటది. బస్సు అన్నందుకు ఎవ్వనికీ అర్థం కాకుంట పోదు. కాని థర్టీన్‌ను థర్టీ లెక్క పలికితే 13వ గేటు కాడికి పోవాల్సినోడు 30వ గేటు కాడికి పోతడు. అర్థం చెడేది ముందు దిద్దాలె, మిగిలింది మెల్లగ. ఒక్క రికార్డుకు ఒక్క మెచ్చుకోలు, ఒక్క దిద్దుబాటు. అంతే.

ఇక్కడనే ఒక ప్రమాదం గురించి చెప్పాలె. వినేది మనిషైతే ఒక తీరు, మిషన్ అయితే ఇంకో తీరు. గూగుల్ కంపెనీ 2019 మార్చిల మన దేశంలనే 'బోలో' అనే యాప్ తెచ్చింది, తర్వాత తెలుగు కూడ చేర్చింది, 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చింది. పిల్ల గట్టిగ చదివితే విని, తప్పు చూపిస్తది. అట్లాంటివి ఇప్పుడు ఎన్నో ఉన్నయి. మనిషి లెక్క ముచ్చట పెట్టే మిషన్లు కూడ వచ్చినయి. రాత్రి పది గంటలకు కూడ విసుక్కోకుంట వింటయి. వాడుకోవద్దని మేం అంటలేం. కాని ఆ మిషన్ చెవి ఎవరి మాట విని పెరిగింది? 2020ల అమెరికాల స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఐదు పెద్ద కంపెనీల మాట గుర్తించే యంత్రాలను పరీక్షించిన్రు. తెల్లోళ్లు మాట్లాడితే నూరు మాటలకు సగటున 19 తప్పుగ విన్నయి. నల్లజాతి వాళ్లు మాట్లాడితే 35. ఇద్దరిదీ ఇంగ్లీషే, ఇద్దరూ ఆ దేశంల పుట్టినోళ్లే. ఆ మిషన్ ముంగట మన పిల్ల మాట్లాడితే ఎర్ర గీత ఎవరి తప్పుకు పడ్డట్టు? పిల్ల నోటి తప్పుకా, మిషన్ చెవి తప్పుకా?

ఈ సంగతి మనకు కొత్త కాదు. రెండున్నర జిల్లాల భాషను ప్రమాణం అని చెప్పి, మిగిలిన మాటంత తప్పని పుస్తకాలల్ల, రేడియోల, పత్రికలల్ల రుద్దిన్రు. కాళోజీ బతికినన్ని రోజులు కొట్లాడింది దాని మీదనే. అందుకే ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగ జరుపుకుంటున్నం. మిషన్ చెప్పే ఇంగ్లీషు మన పిల్లలకు కొత్త రెండున్నర జిల్లాల భాష కావొద్దు. ఎదుటి మనిషికి అర్థమయ్యేటట్టు మాట్లాడుడు లక్ష్యం, తెల్లోని లెక్క మాట్లాడుడు కాదు. మిషన్ అభ్యాసానికి ఉండాలె, మార్కులు మాత్రం టీచరే వెయ్యాలె.

ఇంగ్లీషు వస్తే తెలుగు పోతదని బాధపడే పెద్దలు మనల ఉన్నరు. వాళ్ల బాధను మేం తక్కువ చెయ్యం. కాని ఇంగ్లీషు రాకుంట ఉంచితే తెలుగు బతకది, పేదోని బిడ్డ మాత్రం మునుగుతది. తెలుగు పోవాలని కోరేటోని పిల్లలు ఎట్లాగూ ఇంటర్నేషనల్ స్కూల్ల ఉన్నరు. పిల్ల ముచ్చటను ముందు ఇంటి మాటల చెప్పి, తర్వాత ఇంగ్లీషుల చెప్తే రెండూ నిలుస్తయి. తల్లి బోనం గురించి తెలుగుల చెప్పింది విని, బిడ్డ దాన్ని ఇంగ్లీషుల చెప్పాలె. ఇంటి మాట పునాదిగ ఉంటేనే పరాయి మాట గోడ లేస్తది.

ఇంకో మాట సూటిగ చెప్పాలె. ఇంట్ల ఒక్క ఫోను ఉంటే అది ముందు కొడుకు చేతికి పోతది. నాయిన డ్యూటీ దిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. బిడ్డ అడిగితే 'నీకెందుకు' అంటరు. ఈ పద్ధతి ఆడపిల్లలకు అందకపోతే సగం ఊరికే చేరినట్టు. కాబట్టి ఇంటి ఫోను మీద ఆధారపడొద్దు, బడిల ఫోన్లు ఉండాలె. ఆడపిల్లల గొంతులు నలుగురి గ్రూపులల్ల తిరగొద్దు, టీచర్ ఒక్కరికే పోవాలె, పని అయినంక చెరిపెయ్యాలె. 2023ల పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏండ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటున్నది. పిల్లల గొంతును అమ్ముకునే కంపెనీలకు బడి దర్వాజ తెరువొద్దు.

అందుకే మేం అడుగుతున్నం.

ఒకటి. ప్రతి సర్కారు ఉన్నత పాఠశాలకు, ముందుగ శంషాబాద్ చుట్టున్న బడులకు, రికార్డింగు కోసమే ఐదారు సాదా ఫోన్లు, ఇంటర్నెట్టు ఇయ్యాలె. ఇంగ్లీషు టీచర్‌కు గొంతులు వినేటందుకు వారంల రెండు పీరియడ్లు టైంటేబుల్ల చూపించాలె. ఉన్న పని మీద ఇంకో పని రుద్దితే ఇది వారంల అటకెక్కుతది.

రెండు. 1958 నుంచి హైదరాబాద్‌ల ఇంగ్లీషు బోధన కోసమే ఒక జాతీయ సంస్థ ఉన్నది. సీఫెల్ అని పిలుచుకున్నం, ఇప్పుడు అది ఇఫ్లూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం. తార్నాక నుంచి సాతంరాయికి దారి ఎంత దూరం? ఆ విద్యార్థులు, అధ్యాపకులు మన సర్కారు బడులకు పాఠాలు తయారు చెయ్యాలె. టీశాట్ వాటిని పంచాలె.

మూడు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీల తెలుగు మాట మీద పరిశోధన ఏండ్లుగ నడుస్తున్నది. కేంద్రం 2022ల భాషిణి మొదలువెట్టింది. తెలంగాణ పిల్లల ఇంగ్లీషును సరిగ వినే మిషన్ తయారు చేసుడు ప్రజల పైసతోని నడిచే సంస్థల బాధ్యత.

నాలుగు. విమానాశ్రయం, దాని చుట్టున్న కంపెనీలు ఏ కొలువుల ఎంతమంది స్థానికులు ఉన్నరో ఏటా బయటపెట్టాలె. సామాన్లు మోసే కొలువుకు, వంట చేసే కొలువుకు ఇంగ్లీషు పరీక్ష పెట్టుడు బంద్ చెయ్యాలె. ఇంగ్లీషు నిజంగ కావాల్సిన కొలువుకు స్థానిక పిల్లలను తీసుకొని, మూడు నెలలు నేర్పించి, తర్వాత పరీక్ష పెట్టాలె.

సర్కారు చేసేదాక చేతులు కట్టుకొని కూసుండుడు మన ఉద్యమానికి అలవాటు లేదు. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు ఉద్యోగులు జీతాలు వదులుకొని నిలబడ్డరు. ఉస్మానియా, కాకతీయ విద్యార్థులు లాఠీలు తిన్నరు. ఇప్పుడు అడిగేది అంత పెద్ద త్యాగం కాదు. విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మీ ఊరి బడి టీచర్‌ను కలువండి. ఒక్కొక్కరు ఐదుగురు పిల్లల గొంతులు వినేటందుకు ఒప్పుకోండి. రోజుకు పది నిమిషాలు. ఉద్యోగ మిత్రులారా, పాత ఫోను అల్మారిల పెట్టకుంట బడికి ఇయ్యండి. కొలువుల ఇంగ్లీషు మాట్లాడే మీరే మీ కాలనీ పిల్లలకు మొదటి శ్రోత కండి. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్‌సీ కోసం కొట్లాడినంత గట్టిగ ఈ రెండు పీరియడ్ల కోసం కొట్లాడాలె.

రాష్ట్రం కావాలని నోరు తెరిచి అడిగినం కాబట్టే రాష్ట్రం వచ్చింది. నోరు లేనోనికి నీళ్లూ రావు, నిధులూ రావు, నియామకాలూ రావు. ఇంటర్వ్యూ గదిల తల ఎత్తి, తన పేరు, తన ఊరు పేరు, తనకొచ్చిన పని వంకర లేకుంట చెప్పగలిగే నోరు ప్రతి పేదింటి బిడ్డకు దక్కాలె. జాగ తీసుకున్నోళ్లు, ఓట్లు తీసుకున్నోళ్లు ఆ బాకీ తీర్చాలె. తీర్చేదాక అడుగుతనే ఉందాం, తెలుగులనూ, ఇంగ్లీషులనూ.

జై తెలంగాణ!